‘ఇంకొక్కసారి’ అన్నదెవరు?

మామగారి దిండు స్టూడియోలోకి వచ్చేసింది. దిండు వెనకాల దుప్పటి, దుప్పటి వెనకాల మామగారు.

"కాసేపు ఇక్కడ కూర్చుంటాను అబ్బాయ్," అంటూ ఆయన దిండును కీబోర్డు మీద పెట్టబోయి, అల్లుడి ముఖం చూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కాసేపంటే?"

"మీ అత్తగారి కోపం తగ్గేదాకా."

"అయితే పరుపు కూడా తెచ్చుకోవాల్సింది."

మామగారు ఆ మాట వినిపించుకోనట్టు గది చుట్టూ చూశాడు. స్టూడియో అంటే ఒకప్పటి సామాన్ల గదే. గోడలకు పాత బొంతలు కొట్టి, తలుపు సందుల్లో స్పాంజి ముక్కలు కుక్కి, బల్ల మీద రెండు స్పీకర్లూ ఒక కంప్యూటరూ పెట్టాక స్టూడియో అయింది. గోడకి అవతల వంటగది. బొంతలున్నాయి కాబట్టి లోపలి చప్పుడు బయటికి పోదని అల్లుడి నమ్మకం.

నిన్న పొద్దున ఆ నమ్మకం పోయింది. వంటగదిలో ఉన్న అత్తగారికి గోడలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. సన్నగా, తీయగా కూనిరాగం తీసి, చివర్లో "ఇంకొక్కసారి" అంది. కాస్త ఆగి, మళ్ళీ "ఇంకొక్కసారి" అంది.

అత్తగారు గరిటెతో సహా వచ్చి, ఎవరిదా గొంతు అని అడిగింది.

"మామయ్యగారి పాత క్యాసెట్లో దొరికింది అత్తయ్యగారూ. ఎవరో ఆవిడ," అన్నాడు అల్లుడు, మంచి ముక్క దొరికిన సంతోషంలో.

ఎవరో, ఆవిడ. ఆ రెండు ముక్కలతో ఇల్లు రెండు ముక్కలైంది.

"నువ్వు 'ఎవరో' అని ఊరుకుంటే సరిపోయేది," అన్నాడు మామగారు ఇప్పుడు, దిండు నిమురుతూ. "'ఆవిడ' అనడం ఎందుకు?"

"ఆడగొంతుని ఆవిడ అనక ఆయన అంటానా?"

మామగారు చప్పున తలెత్తాడు. అంతే చప్పున దించుకున్నాడు.

"ఇంతకీ ఎవరు మామయ్యగారూ?"

"ఆ ముక్క తీసెయ్."

"ఎవరని అడిగితే తీసెయ్యమంటారేంటి?"

"తీసేస్తే ఎవరన్న బాధ ఉండదు కదా."

తను కడుతున్న పాటలోంచి దాన్ని తీసేసి చూడకపోలేదు అల్లుడు. తీసేశాక మిగిలింది సిమెంటు ప్రకటన.

ఆ తేడా అతనికి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ అతను చేసింది సబ్బులకీ సిమెంటుకీ సంగీతం. ఆఫీసులకి ఫోన్ చేస్తే "దయచేసి వేచి ఉండండి" అన్న మాట వెనక మోగేదీ అతనిదే. అందరూ విన్నారు, అందరూ విసుక్కున్నారు. ఇన్నాళ్ళకి ఒక ర్యాప్ ఆల్బమ్‌లో మొదటి పాటకి బీటు కట్టే అవకాశం వచ్చింది. ఆ పాట పాడే, పిడుగు అని పేరు పెట్టుకున్న కుర్రాడు ఇవాళ సాయంత్రం వచ్చి బీటు తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళకపోతే ఆల్బమ్ తీసే కంపెనీ ఇంకొకడి బీటు పెట్టుకుంటుంది. ఆ ఇంకొకడెవడో కూడా సిద్ధంగా ఉన్నాడు.

అతను పని నేర్చుకున్నదీ ఈ మామగారి కొట్లోనే. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు. పెళ్ళికి ముందు అల్లుడు తన టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్ళినప్పుడు అక్కడ ఏవో విదేశీ పాటలు మోగుతున్నాయి. పాడేవాడు ప్రియురాల్ని బతిమాలుతున్నాడో దేవుణ్ణి బతిమాలుతున్నాడో తెలియడం లేదు. వెనక హార్మోనియంలా నిండుగా ఆర్గన్. దాని కింద డ్రమ్ము, పడాల్సిన చోటికి ఒక్క వెంట్రుక వాసి ఆలస్యంగా.

"దీన్ని సోల్ అంటారు," అన్నాడు మామగారు స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకుని. "రేడియో బాగైందో లేదో వీటితోనే తెలుస్తుంది. వింటే ఏడుపు రావాలి. రాలేదంటే స్పీకర్ మార్చాలి."

అల్లుడికి ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఏమీ పాడవకపోయినా కొట్టుకి వెళ్ళేవాడు. పాత రికార్డులోంచి పిడికెడు ఆర్గన్, గుక్కెడు గొంతు కోసుకొచ్చి, తిప్పి తిప్పి కుట్టి, కింద డ్రమ్ములు వేసి, ర్యాప్ చెప్పేవాడి కాళ్ళ కింద నేల పరచడం అతని పనైంది. టేప్ రికార్డర్ బాగుచేయించుకోడానికి వెళ్ళి కొట్టువాడి కూతుర్ని చేసుకున్నాడని బంధువుల్లో నవ్వులాట. పైగా తీసుకెళ్ళలేదు, తనే వచ్చి ఉండిపోయాడు.

తలుపు తోసుకుని అతని భార్య చిట్టి వచ్చింది. కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళే హడావుడిలో ఉంది. ఒక చెవికే దుద్దు ఉంది.

"అమ్మ పెట్టె సర్దుతోంది," అంది.

"వెళ్ళిపోతానంటోందా?" అన్నాడు మామగారు కంగారుగా.

"ఆవిడెందుకు వెళ్తుంది, ఇల్లు ఆవిడది. నీ బట్టలు సర్దుతోంది నాన్నా."

మామగారు దిండుని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"నావి కూడానా?" అన్నాడు అల్లుడు.

"నీవి ఇస్త్రీ చేసి లేవు. నలిగిన బట్టలు పెట్టెలో పెట్టడం ఆవిడకి నచ్చదు. అందుకని నువ్వు ప్రస్తుతానికి ఉంటావు." చిట్టి రెండో దుద్దు పెట్టుకుంటూ చెప్పింది. "సాయంత్రానికి ఆవిడెవరో తేలాలట. తేలకపోతే నాన్న గడప దాటాలి, ఆ పాట మాత్రం దాటకూడదు."

"పాటేం చేసింది?"

"ఇంట్లో పరువు ఇంట్లోనే ఉండాలంది."

"చిట్టీ, ఇది నా బతుకు."

"నాకు తెలుసు. మా అమ్మకి చెప్పు. నేను వెళ్ళాలి, ఎవరో ముసలావిడ కొత్త కళ్ళజోడుతో కూడా మొగుడు మసగ్గానే కనిపిస్తున్నాడని వచ్చి కూర్చుంది."

ఆమె అటు వెళ్ళగానే ఇటు అత్తగారు వచ్చింది. దిండు వంక చూసింది, దాన్ని పట్టుకున్న మనిషి వంక చూడలేదు.

"అల్లుడుగారూ," అంది.

ఆమె మామూలుగా అతన్ని బాబూ అంటుంది. గారు తగిలిందంటే గండమే.

"ఆ చెవులకి పెట్టుకునేది ఇలా ఇవ్వండి."

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పెట్టుకోగానే నడుం నిటారైంది, గడ్డం పైకి లేచింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్న మనిషి. ఒక్క "హలో"తో పిలిచిందెవరో చెప్పేసేది. ఎవరి మొగుడు ఎవరితో మాట్లాడుతున్నాడో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది, ఆమె నోట్లోంచి మాత్రం ఎప్పుడూ పొక్కలేదు. అలాంటి చెవులకి ఈ గొంతు ఎవరిదో అందకపోవడం అసలు అవమానం. సవతి దాని తర్వాతే.

"వెయ్యండి."

అల్లుడు వేశాడు. కూనిరాగం. "ఇంకొక్కసారి."

"మళ్ళీ."

వేశాడు.

"ఆడమనిషి," అంది అత్తగారు కళ్ళు మూసుకుని. "పాట నేర్చుకోలేదు. కానీ సిగ్గు లేకుండా పాడుతోంది, అంటే చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ లేరంటే..." ఆగింది. "మళ్ళీ వెయ్యండి."

ఈసారి ఆమె చెయ్యెత్తింది. "అక్కడ. రాగం ఎత్తుకునే ముందు. ముక్కు ఎగబీలుస్తోంది, విన్నారా?"

అల్లుడు విన్నాడు. చిన్న చప్పుడు, పిల్లి తుమ్మినంత.

"ఇదిగో ఈయనా అంతే," అంది ఆమె మొదటిసారి భర్త వైపు వేలు చూపిస్తూ. "మాట మొదలుపెట్టే ముందు ముక్కు ఎగబీలుస్తారు. అచ్చం ఇలాగే, రెండుసార్లు, పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. అంటే ఏంటి అర్థం? మీ అలవాట్లు కూడా దానికి అబ్బాయంటే ఎన్నేళ్ళ స్నేహమండీ?"

మామగారు ఏదో చెప్పబోయాడు. చెప్పే ముందు ముక్కు ఎగబీల్చాడు. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. 

అత్తగారు హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదన్నట్టు వెళ్ళిపోయింది.

అల్లుడి చేయి మాత్రం మౌస్ మీదే ఆగిపోయింది.

అతనికో అలవాటుంది. ఏ క్యాసెట్టునీ అసలు వేగంలో వినడు. వింటే పాట మీద ప్రేమ పుడుతుంది, ప్రేమ పుడితే కత్తెర ఆడదు. అందుకని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడే వేగం పెంచేస్తాడు. వేగం పెరిగితే గొంతు పైకెక్కుతుంది. ఎంత బండ మగగొంతైనా సన్నబడి, ఆడగొంతులా, పిల్లగొంతులా ఏడుస్తుంది. సోల్ పాటలతో బీట్లు కట్టేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే. 

ఎంత బండ మగగొంతైనా.

అతను మెల్లగా మామగారి వైపు తిరిగాడు. మామగారు దిండులో ముఖం దాచుకున్నాడు.

*

"పైకి రండి," అని అల్లుడు ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్ళాడు. ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబెట్టాడు.

"మీరేనా?"

"గట్టిగా అనకు."

"మీరు పాడతారా?"

"పాడేవాణ్ణి." మామగారు తీగ మీది క్లిప్పు ఒకటి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "పెళ్ళైన కొత్తలో స్నానాల గదిలో పాడుతున్నాను. బయటినుంచి మీ అత్తగారు ఏమందో తెలుసా? 'ఎవరండీ, ఆ రేడియో కట్టేయండి, స్టేషన్ సరిగ్గా తగల్లేదు' అంది."

అల్లుడు పెదవి కొరుక్కున్నాడు.

"నవ్వు, నవ్వు. రేడియో మెకానిక్కుని పట్టుకుని స్టేషన్ తగల్లేదంటే ఎలా ఉంటుంది? నేనే పాడానని తెలిశాక ఇంకా నవ్వింది. ఇంటినిండా చుట్టాలున్నారు, వాళ్ళకీ చెప్పింది. ఇప్పటికీ ఏ పెళ్ళికి వెళ్ళినా చెబుతూనే ఉంటుంది. ఆ రోజు నోరు మూశాను. కొట్లో మాత్రం, మధ్యాహ్నం షట్టర్ సగం దించి, ఆ పాటలు పెట్టుకుని వాటితో పాటు పాడుకునేవాణ్ణి. బాగైన రికార్డర్లో రికార్డు చేసుకునేవాణ్ణి. తప్పుపోతే..."

"ఇంకొక్కసారి అనుకునేవారు."

"ఎవరు అంటారు మరి? నాకు నేనే అనుకోవాలి."

"మామయ్యగారూ, ఇదంతా ఆవిడకి చెప్పేస్తే సరిపోతుంది. మీ తప్పేం లేదు."

"చెబితే నవ్వుతుంది."

"నవ్వితే నవ్వనివ్వండి. ఇప్పుడు మిమ్మల్ని ఇంట్లోంచి పంపేస్తోంది."

"కోప్పడితే నాకు అలవాటే అబ్బాయ్. నవ్వితేనే తట్టుకోలేను."

"పరాయి ఆడదాన్ని అంటగట్టినా ఫరవాలేదా?"

మామగారు కాసేపు ఆలోచించాడు. "ఈ వయసులో అది నింద కాదులే. ఒకరకంగా మర్యాదే."

కింద తలుపు చప్పుడైంది. మామగారు అల్లుడి చేయి పట్టుకున్నాడు. "చెప్పనని మాటివ్వు."

"మరి నా బీటు?"

"నేనేదో ఒకటి చూసుకుంటాను. మాటివ్వు."

అల్లుడు మాటిచ్చాడు. ఇచ్చిన మరుక్షణం, ఏదో ఒకటి చూసుకుంటానన్న మనిషి ఇంతకుముందు ఏం చూసుకున్నాడో ఆలోచించి భయపడ్డాడు.

*

సాయంత్రం పిడుగు వచ్చాడు. పేరు విని పిడుగనుకుంటే పొరపాటు. పగలంతా మందుల షాపులో పనిచేసి, భోజనానికి ముందా తర్వాతా అని అడిగీ అడిగీ గొంతు మెత్తబడ్డ మనిషి. మైకు ముందు తప్ప ఎక్కడా గట్టిగా మాట్లాడడు. గుమ్మంలో సర్దిన పెట్టె చూసి, దాన్ని జాగ్రత్తగా దాటి వచ్చాడు.

"నమస్కారమండీ. ఎవరైనా ఊరెళ్తున్నారా?"

"అది ఇంకా తేలలేదు. కూర్చో," అంది అత్తగారు.

పిడుగు కూర్చున్నాడు. షాపు నుంచి వచ్చిన చిట్టి చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయింది. అల్లుడు బీటున్న పెన్ డ్రైవ్‌ని పిడికిట్లో పట్టుకుని, స్టూడియో గుమ్మానికి ఆనుకున్నాడు.

"చెప్పండి," అంది అత్తగారు భర్తతో. "ఎవరామె?"

మామగారు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ పోయింది."

"ఎక్కడికి?"

"పైకి."

"పైన అద్దెకున్నవాళ్ళ దగ్గరికా?"

"ఇంకా పైకి."

అత్తగారి ముఖంలో ఒక్క క్షణం జాలి తొంగిచూసింది. అది చూసి మామగారికి ధైర్యం వచ్చింది. అదే కొంప ముంచింది. "పాపం, మంచి మనిషి. గొంతు నొప్పితో పోయింది," అన్నాడు.

"గొంతు నొప్పితో పోరండీ," అన్నాడు పిడుగు మెత్తగా. "దానికి మా షాపులోనే బోలెడు మందులున్నాయి."

"మీరు ఊరుకోండి," అన్నాడు అల్లుడు.

"ఊరుకోవడం దేనికి, ఆ అబ్బాయి సరిగ్గానే చెప్పాడు," అంది అత్తగారు. "అబద్ధం ఆడటం కూడా రాదు మీకు. ఇన్నేళ్ళు దాన్ని ఎలా దాచారండీ నా దగ్గర?"

ఆమె పెట్టె పిడి పట్టుకుంది.

"ఆగమ్మా," అంది చిట్టి. మొగుడి వైపు తిరిగింది. "నువ్వు ఇలా చూడు. నువ్వు ఏ పాటనీ పెంచకుండా వదలవు కదా. దీన్నీ పెంచావా?"

అల్లుడు మామగారి వంక చూశాడు. మామగారు తల అడ్డంగా ఊపాడు. అల్లుడు పైకప్పు వంక చూశాడు.

"నిన్నే. పెంచావా లేదా?"

"నేను మాటిచ్చాను," అన్నాడు అల్లుడు పైకప్పుతో.

"ఎవరికి?"

ఆ ప్రశ్నకి జవాబు అక్కర్లేదని ఆమెకే అర్థమైంది. అతన్ని పక్కకి తోసి స్టూడియోలోకి వెళ్ళింది. పెళ్ళైన దగ్గర్నుంచి మొగుడి పక్కన కూర్చుని చూసిన పనే, ఏ మీట ఎటు తిప్పాలో ఆమెకి తెలుసు. స్పీకర్లలోంచి కూనిరాగం మొదలైంది.

"పెంచడమంటే ఏంటే?" అంది అత్తగారు వెనకే వస్తూ. మామగారు, అల్లుడు కూడా లోపలికి వచ్చారు, పిడుగు వచ్చి ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు.

"విను."

చిట్టి మీట తిప్పింది. ఆడగొంతు కాస్త కిందికి జారి, మీసాలు మొలిచే వయసు కుర్రాడి గొంతైంది. ఇంకాస్త తిప్పింది. కుర్రాడికి పెళ్ళైంది, ఒళ్ళొచ్చింది. ఆర్గన్ బరువెక్కి నిదానంగా నడిచింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు, పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. ఆ తర్వాత, నిండుగా, కొంచెం బొంగురుగా, ఒక్కోచోట శ్రుతి తప్పి, తప్పినచోట సిగ్గుపడి, మళ్ళీ ఎత్తుకుంటూ మామగారు పాడాడు.

"ఇంకొక్కసారి," అన్నాడు స్పీకర్లోని మామగారు.

గదిలోని మామగారు గోడ వైపు తిరిగి బొంతలో తల పెట్టాడు.

అందరూ అత్తగారి ముఖం వంకే చూస్తున్నారు. ఆమె పెదవుల చివర ఏదో కదిలింది. నవ్వేమోననుకున్నాడు అల్లుడు. కాదు.

"ఈ గొంతు నాకు తెలియదు," అంది ఆమె నెమ్మదిగా. "లోకంలో అందరి గొంతులూ తెలుసు. ఇంట్లో ఉన్నది తెలియదు."

"చూశావా అమ్మా, అనవసరంగా నాన్నని..."

"నువ్వుండు." ఆమె చూపు మొగుడి వీపు మీదే ఉంది. "గొంతు మీదే. సరే. ఎవరి కోసం పాడారు?"

చిట్టి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"రికార్డర్ పనిచేస్తోందో లేదో చూడటానికి," అన్నాడు మామగారు బొంతతో.

"దానికి హలో హలో అంటే చాలు. ప్రాణం పెట్టి పాడక్కర్లేదు."

పిడుగు మెల్లగా లేచి నిలబడ్డాడు. ఇందాకటి నుంచి అతని కాలు, ఎవరూ చెప్పకుండానే, ఆర్గన్‌కి తాళం వేస్తోంది.

"అన్నా, ఈ ముక్క మాత్రం అదిరింది. మరి బీటు నేను తీసుకెళ్ళనా? అవతల కంపెనీవాళ్ళు కూర్చున్నారు."

"వద్దు," అన్నాడు మామగారు చటుక్కున తిరిగి. "ఎవరూ తీసుకెళ్ళొద్దు. అబ్బాయ్, అది చెరిపెయ్. నన్ను చూసి అందరూ నవ్వుతారు."

అల్లుడు పెన్ డ్రైవ్‌ని వెనక్కి దాచుకున్నాడు. పొద్దుట్నుంచి అత్తగారి నుంచి బీటుని ఎలా కాపాడుకోవాలా అనే చూశాడు. మామగారి నుంచి కాపాడుకోవాలని తట్టలేదు. "మామయ్యగారూ, వేగం పెంచితే ఎవరికీ మీరని తెలియదు. నేను తప్ప..."

"మీ అత్తగారికి తెలుసు. చాలదా?"

అత్తగారు అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి స్టూడియో గుమ్మానికి అడ్డంగా నిలబడింది. 

"పాట వెళ్తుంది," అంది.

అల్లుడు నమ్మలేనట్టు చూశాడు.

"వెళ్తుంది గానీ, ఊరంతా వినబోయేది నేను గోడలోంచి వినడమేంటి? ముందు నాకు పాడాలి. మిషను లేకుండా. ఇక్కడ, నా ఎదురుగా. పాడితే ఆ అబ్బాయి తీసుకెళ్తాడు. లేకపోతే ఎవరూ ఈ గుమ్మం దాటరు, కంపెనీవాళ్ళు కూర్చున్నా సరే, పడుకున్నా సరే."

పిడుగు మళ్ళీ కూర్చున్నాడు.

మామగారు అల్లుడి వంక చూశాడు. అల్లుడి ముఖంలో, ఎంత దాచుకుందామన్నా దాగని ఆశ కనిపించింది. సబ్బులు, సిమెంటు, దయచేసి వేచి ఉండండి. ఆయన కళ్ళు దించుకున్నాడు.

"నవ్వవుగా?" అన్నాడు భార్యతో, వినీ వినపడకుండా.

అత్తగారు చాలాసేపు ఆలోచించింది.

"మాటివ్వలేను," అంది. "కానీ కూర్చుని వింటాను."

ఆమె నిజంగానే గుమ్మంలో, గడప మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మామగారు కుర్చీ వీపు పట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు.

అల్లుడి వేలు, అతనికి తెలియకుండానే, రికార్డు బటన్ మీదికి పాకింది. చిట్టి చటుక్కున ఆ మణికట్టు పట్టుకుంది. పట్టుకుంది గానీ, ఆపడానికో నొక్కించడానికో ఆ క్షణాన ఆమెకీ తెలియలేదు.